పైసలు పోయిన సంగతి ఇంట్లో చెప్పగలగాలి

సైబర్ మోసగాడి చేతికి చిక్కిన డబ్బు ఒక ఖాతాలో నిలవదు. హన్మకొండలో ఒక పింఛన్‌దారు ఖాతా నుంచి ఐదు లక్షలు పోయాయనుకుంటే, గంట తిరిగేసరికి అవి వేరే రాష్ట్రాల్లోని ఖాతాలకు ముక్కలు ముక్కలుగా చేరిపోవచ్చు. అక్కడి నుంచి కొంత ఏటీఎంలో నగదుగా బయటికొస్తుంది, కొంత క్రిప్టోగా మారి దేశం దాటుతుంది. సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 హెల్ప్‌లైన్ వెనక 2021 నుంచి నడుస్తున్న వ్యవస్థ పుట్టింది ఈ పరుగుకు అడ్డం పడటానికే. ఫిర్యాదు నమోదైన వెంటనే బాధితుడి బ్యాంకుకు, అక్కడి నుంచి డబ్బు వెళ్లిన బ్యాంకుకు, ఆపై బ్యాంకుకు వరసగా సమాచారం పోతుంది. ఎక్కడ దొరికితే అక్కడే ఆ మొత్తాన్ని కదలకుండా ఆపుతారు. మొదటి గంటను పోలీసులు గోల్డెన్ అవర్ అనేది అందుకే.

వృద్ధుల విషయంలో ఆ గంట చాలాసార్లు మౌనంలోనే కరిగిపోతుంది. నంబర్ తెలియకనో, ఫోన్ చేయరాకనో మాత్రమే కాదు. కొడుకుకు తెలిస్తే ఏమంటాడో, కోడలి ముందు, వియ్యంకుల ముందు మొహం ఎట్లా చూపించాలో అన్న బెంగ ఆ చేతిని ఫోన్ దగ్గరికి పోనివ్వదు. రెండు రోజులు తిండి సయించక, మూడో రోజు ఎవరో గుచ్చిగుచ్చి అడిగితే అప్పుడు బయటపడుతుంది. అప్పటికి ఆపడానికి ఏ ఖాతాలోనూ ఏమీ మిగలదు. ఓటీపీ చెప్పొద్దు, లింకు నొక్కొద్దు అన్న ప్రచారం ఏళ్లుగా సాగుతోంది, అది సాగాల్సిందే. కానీ ఆ ప్రచారం బరువంతా పెద్దమనిషి నెత్తిన పెట్టి, చుట్టూ ఉన్నవాళ్లను వదిలేస్తోంది. పెద్దల డబ్బుకు కాపలా వాళ్ల తెలివితేటల మీద కంటే, వాళ్లు ఇంట్లో భయపడకుండా నోరు విప్పగలరా అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంది.

ఉత్తర తెలంగాణలో పెద్దల చేతికి డబ్బు ఎప్పుడు వస్తుందో దాచడం కష్టం. సింగరేణి కార్మికుడికి 61 ఏళ్లు నిండి రిటైరయ్యాక గ్రాట్యుటీ, సీఎంపీఎఫ్ (బొగ్గుగని కార్మికుల భవిష్య నిధి) కలిసి జీవితంలో ఎన్నడూ చూడనంత మొత్తం ఖాతాలో పడుతుంది. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, భూపాలపల్లి కాలనీల్లో ఎవరు ఏ నెలలో దిగిపోతున్నారో వాడంతా తెలుసు. కాజీపేట రైల్వే రిటైరీలు, హన్మకొండలో స్థిరపడ్డ టీచర్లు, గుమాస్తాలది కూడా అదే వరస. వరంగల్ ఏనుమాముల మార్కెట్లో మిర్చి, పత్తి అమ్మిన రైతుకు సీజన్ నెలల్లో డబ్బు పడుతుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్ కొడుకు పంపిన పైసలు తల్లి పేరు మీద ఉంటాయి. ఏమీ లేని అవ్వకు కూడా నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛన్ ఉంది. వీళ్లలో చాలామంది పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, దుబాయ్‌లోనో, అమెరికాలోనో ఉంటారు. ఇంట్లో మిగిలేది ఇద్దరు ముసలివాళ్లు, ఒక స్మార్ట్‌ఫోన్.

వీడియో కాల్‌లో ఖాకీ

వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామని బెదిరించి, డిజిటల్ అరెస్టు పేరుతో చేసే మోసాన్ని దగ్గరగా చూస్తే, మోసపోయినవాళ్లను తెలివితక్కువవాళ్లని అనడం ఎంత తప్పో అర్థమవుతుంది. మొదట వచ్చేది రికార్డు చేసిన గొంతు: మీ నంబర్ రెండు గంటల్లో కట్ అవుతుంది, వివరాలకు తొమ్మిది నొక్కండి. లేదంటే మీ పేరు మీద బుక్కయిన కొరియర్‌లో డ్రగ్స్ దొరికాయన్న కబురు. తొమ్మిది నొక్కితే మర్యాదగా మాట్లాడే ఒక ఉద్యోగి, ఆయన కలిపిచ్చే ముంబై పోలీసు, ఆపై సీబీఐ అధికారి. వీడియోలో ఖాకీ బట్టలు, వెనక గోడకు జాతీయ చిహ్నం, పక్కన వాకీటాకీ చప్పుడు. మీ ఆధార్‌తో తెరిచిన ఖాతాలో హవాలా సొమ్ము తిరిగిందంటారు. ఆధార్ నంబర్ వాళ్లే చదివి వినిపిస్తారు, అది సరిపోలుతుంది. వాట్సాప్‌లో వారంట్ వస్తుంది. దాని మీద కేసు నంబర్, తేదీ, గుండ్రటి ముద్ర, సంతకం.

ముప్పై అయిదేళ్లు ఆఫీసులో ఫైళ్లు నడిపిన మనిషికి ముద్రన్నా, సంతకమన్నా గౌరవం. పైనుంచి కాగితం వస్తే ఎదురు చెప్పకపోవడమే ఆయన నేర్చుకున్న క్రమశిక్షణ. మోసగాళ్లు వాడుకునేది ఆ గుణాన్నే. పెట్టుబడి యాప్‌ల మోసంలో ఆశ ఉంటుంది. దీనిలో ఆశ లేదు, జీవితమంతా మచ్చ లేకుండా బతికినవాడికి మచ్చ పడుతుందన్న భయమే ఉంది. పైగా అవతలివాడు మాట్లాడేది గద్దింపు హిందీ, మధ్యలో ఇంగ్లిష్. సగం అర్థం కాకపోవడం కూడా భయాన్ని పెంచుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన ఆజ్ఞ ఆ తర్వాత వస్తుంది. కెమెరా ఆపొద్దు, గది దాటొద్దు, ఎవరికీ చెప్పొద్దు. భార్యకు చెబితే ఆమెనూ కేసులో చేరుస్తాం, కొడుక్కి చెబితే అతని వీసా పోతుంది. ఈ మోసమంతా నిలబడేది ఈ ఒక్క మాట మీద. రెండో మనిషి గదిలోకి వచ్చి "ఎవరు నాయనా ఫోన్ల?" అని అడిగితే చాలు, కథ చెదిరిపోతుంది. అందుకే వాళ్లు గంటలు, ఒక్కోసారి రోజుల తరబడి లైన్ వదలరు. చివరికి "విచారణ పూర్తయ్యేవరకు మీ డబ్బు రిజర్వు బ్యాంకు తనిఖీకి పంపండి, శుభ్రంగా ఉంటే తిరిగొస్తుంది" అంటారు.

చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. 2024 అక్టోబర్ 27న ప్రధాని మన్‌ కీ బాత్‌లో ఇదే చెప్పారు. నిందితుడికి ఇవ్వాల్సిన హాజరు నోటీసును కూడా పోలీసులు వాట్సాప్‌లో పంపకూడదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది అక్టోబర్‌లో హర్యానాలోని అంబాలాకు చెందిన వృద్ధ దంపతులు రాసిన లేఖను కోర్టు తనంతట తానే కేసుగా తీసుకుంది. వాళ్లకు చూపించినవి సాక్షాత్తూ సుప్రీంకోర్టు పేరుతో సృష్టించిన ఉత్తర్వులు. డిసెంబర్ 1న దేశవ్యాప్తంగా ఈ మోసాల దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పాల్సింది ఈ తేదీలు కాదు, ఒక్క ముక్క: నిజమైన పోలీసు ఎవరూ "మీవాళ్లకు చెప్పొద్దు" అని అడగడు. అడిగాడంటే వాడు దొంగ. నమ్మకం కుదరకపోతే ఫోన్ పెట్టేసి తమ ఠాణాకు పోయి అడగొచ్చు. వరంగల్ కమిషనరేట్‌లో సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్ కూడా ఉంది.

ఈ మోసంలో మోసగాళ్లకు ఒక ఇబ్బంది ఉంది. పెద్దవాళ్ల సొమ్ము ఎక్కువగా ఫిక్స్‌డ్ డిపాజిట్లలో ఉంటుంది. ఫోన్‌లో లావాదేవీలు అలవాటు లేని పెద్దమనిషి దాన్ని తీయాలంటే బ్యాంకుకు రావాల్సిందే. గడువు తీరని ఎఫ్‌డీ రద్దు చేసి, ఆ లక్షలను ఎన్నడూ పంపని ఊళ్లోని ఎన్నడూ వినని ఖాతాకు ఆర్టీజీఎస్ (పెద్ద మొత్తాల బదిలీ) చేయమంటూ ఒక పెద్దాయన ఫారం ఇస్తే, ఆ కౌంటర్లో కూర్చున్న ఉద్యోగే ఆ డబ్బుకు చివరి గడప. చేతిలో ఫోన్, లైన్ మీద ఎవరో, చెమటలు పట్టిన మొహం. "సార్, ఈ పైసలు ఎవరికి? ఒక్క నిమిషం మేనేజర్ గదిలో కూర్చోండి, మీ అబ్బాయికి ఫోన్ చేద్దాం" అన్న మాటతో హైదరాబాద్‌లో కొన్ని శాఖల సిబ్బంది ఇలాంటి బదిలీలను ఆపిన ఉదాహరణలున్నాయి. కానీ అది ఆ ఉద్యోగుల మంచితనం మీద నడుస్తోంది, కచ్చితమైన పద్ధతిగా నడవాలి. అరవై దాటిన ఖాతాదారు పెద్ద ఎఫ్‌డీని మధ్యలో రద్దు చేసి కొత్త ఖాతాకు పంపుతుంటే, ఒక రోజు ఆగి, ముందే రాసిచ్చిన ఇంటి మనిషికి ఫోన్ చేయడం అసాధ్యమైన పనేమీ కాదు. అట్లాంటి ఏర్పాటు కావాలని పింఛన్‌దారుల సంఘాలు తమ శాఖల్లో గట్టిగా అడగాలి.

వేలు పెట్టిన చోట

ఫోన్ లేని అవ్వ క్షేమంగా ఉందనుకోవడానికి లేదు. ఆమె గుర్తింపు ఆమె వేలి కొసల్లో ఉంది, ఆ వేలిని నెలకు ఎన్నిచోట్ల పెడుతుందో ఆమెకే లెక్కుండదు. రేషన్ దుకాణంలో, పోస్టాఫీసులో, సిమ్ దుకాణంలో, ఊళ్లో మినీ బ్యాంకు అని పిలిచే కస్టమర్ సర్వీస్ పాయింట్‌లో.

ఆ వేలిముద్రను దొంగిలించవచ్చని దేశానికి ముందుగా చూపించిన ఊళ్లలో ఒకటి ఈ ప్రాంతంలోదే. 2018లో పెద్దపల్లి జిల్లా ధర్మారంలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో ఉన్న భూమి దస్తావేజులను డౌన్‌లోడ్ చేశాడు. వాటి మీద ఉన్న ముద్రలతో రబ్బరు స్టాంపు తయారుచేసే పద్ధతిలో నకిలీ వేళ్లు పుట్టించి, ఆ వేళ్లతో వేలాది సిమ్‌లను యాక్టివేట్ చేశాడు. కంపెనీ ఇచ్చిన టార్గెట్ పూర్తి చేయడానికి అన్నది విచారణలో బయటపడ్డ కారణం. ఎప్పుడో భూమి అమ్మినప్పుడు కాగితం మీద వేసిన ముద్ర, ఎన్నో ఏళ్ల తర్వాత ముక్కూమొహం తెలియనివాడి చేతిలో సజీవమైన వేలుగా మారింది. 2023లో ఆధార్ సంస్థ, యంత్రం మీద పెట్టింది బతికున్న వేలా, నకలా అని పోల్చుకునే పరీక్షను తెచ్చింది. దాంతో రబ్బరు వేళ్ల బెడద చాలామేరకు తగ్గాలి.

కానీ నిజమైన వేలితో జరిగే మోసానికి ఆ పరీక్ష అడ్డం రాదు. ఆధార్ చెల్లింపుల విధానంలో పిన్ లేదు, ఓటీపీ లేదు. ఆధార్ నంబర్, బ్యాంకు పేరు, వేలు, అంతే. ఒక్కసారికి 10,000 రూపాయల వరకు తీయవచ్చు. అవ్వ వచ్చి వేలు పెడుతుంది. "పడలేదవ్వా, వేలు తుడిచి మళ్లా పెట్టు" అంటాడు పాయింట్ నడిపేవాడు. రెండోసారి పెడుతుంది. రెండు వేల రూపాయలు చేతిలో పెట్టి పంపిస్తాడు. మొదటిసారి నిజంగానే పడలేదా, లేక ఆ వేలితో ఇంకో రెండు వేల రూపాయలు వాడి ఖాతాలో పడ్డాయా అన్నది ఆమెకు తెలిసే దారి రసీదు ఒక్కటే. ఆ రసీదు రాదు, వచ్చినా చదవలేదు. వ్యవసాయప్పనుల్లో, బీడీల దగ్గర, మగ్గం మీద అరిగిపోయిన వేళ్లు నిజంగానే యంత్రానికి ఆనవు కాబట్టి అనుమానం కూడా రాదు. ఈ పాయింట్లు నడిపేవాళ్లలో అత్యధికులు నిజాయితీపరులే, ఎండలో మండలానికి పోయే బాధ తప్పించినవాళ్లే. అయినా పాస్‌బుక్కు నెలకోసారి ప్రింటు వేయించి, చదువుకున్న ఎవరితోనైనా చదివించుకునే అలవాటు ఒక్కటి ఉంటే ఈ చిల్లు తొందరగా కనిపిస్తుంది.

ఆధార్‌లో బయోమెట్రిక్‌ను లాక్ చేసుకునే వీలుంది, యాప్‌లోనో వెబ్‌సైట్లోనో చేయవచ్చు. సలహా ఇచ్చేవాళ్లు ఇక్కడితో ఆపేస్తారు. వేలు, కనుపాప, మొహం మూడూ లాక్ అవుతాయి కాబట్టి పింఛన్‌కూ, రేషన్‌కూ పోయిన ప్రతిసారీ కాసేపు తెరవాలి. తెరవడానికి ఆధార్‌కు లింకైన ఫోన్ కావాలి. ఆ ఫోన్ నంబర్ ఎప్పుడో రీచార్జి చేయక పోయిన పాత సిమ్‌ది అయి ఉంటుంది. కాబట్టి రిటైరైన ఉద్యోగికి లాక్ మంచి తాళమే గానీ, ఆసరా పింఛన్ మీద బతికే అవ్వకు అది తన ఇంటికే తాను వేసుకున్న తాళం అవుతుంది. ఆమెకు పనికొచ్చేది వేరు: వేలు పెట్టే ఖాతాలో పింఛన్ మట్టుకే ఉంచడం, గల్ఫ్ నుంచి వచ్చిన సొమ్మో, పత్తి డబ్బో వేరే ఖాతాలో పెట్టి, ఆధార్ చెల్లింపు దానికి వర్తించకుండా ఆపమని బ్యాంకును అడగడం. కొన్ని బ్యాంకుల్లో ఈ సౌకర్యం ఉంది.

ఇక ఆధార్ జిరాక్స్. ఎవరు అడిగితే వాళ్లకిచ్చే కాగితం అది. మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్‌ను వెబ్‌సైట్ నుంచి తీసుకుని వాడవచ్చు. కేంద్ర టెలికాం శాఖ నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో చూస్తే ఆ మనిషి పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో తెలుస్తుంది. తెలియని నంబర్ కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. ఆ పేరు మీద ఎవరైనా అప్పు తీశారా అన్నది అప్పుల లెక్కలు నమోదు చేసే సిబిల్ వంటి సంస్థలు ఏడాదికోసారి ఉచితంగా ఇచ్చే నివేదికలో బయటపడుతుంది. ఒకరి గుర్తింపును దొంగిలించి వాడితే ఐటీ చట్టం 66సీ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా.

కొన్ని మోసాలు కాలాన్ని బట్టి వస్తాయి. పీఎం కిసాన్ డబ్బులు పడే రోజుల్లో ఆ పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్) తిరుగుతుంది. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే అది మెసేజ్‌లు చదివే అనుమతి తీసుకుని ఓటీపీలను అవతలికి పంపుతుంది, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనవసరం లేదు. బతికే ఉన్నామని చూపే లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నవంబర్‌లో పింఛన్‌దారులకు ఫోన్లు మొదలవుతాయి. పీపీఓ (పింఛన్ చెల్లింపు ఉత్తర్వు) నంబర్, రిటైరైన తేదీ వాళ్లే చెప్పి, ఓటీపీ మాత్రం అడుగుతారు. పింఛన్ ఇచ్చే ఏ కార్యాలయమూ ఫోన్ కాల్‌లో ఓటీపీ అడిగి లైఫ్ సర్టిఫికెట్ తీసుకోదు. డెబ్బై దాటినవాళ్లకు బ్యాంకు మనిషే ఇంటికొచ్చి ఈ పనులు చేసిపెట్టాలని 2017లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. అడిగి తీసుకోవడమే తరువాయి.

ఇంట్లో ఏం జరుగుతుంది

డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం చాలా ఇళ్లలో వినిపించే మాట "నీకెందుకే ఈ ఫోను?" తర్వాత ఫోన్ లాక్కుంటారు, ఏటీఎం కార్డు కొడుకు జేబులోకి పోతుంది. బాధతో, ప్రేమతో చేసేదే కావచ్చు. కానీ పక్కింటి పెద్దమ్మ దీన్ని చూస్తుంది, రేపు తనకు ఇట్లాగే జరిగితే నోరు మెదపకూడదని నేర్చుకుంటుంది. అజమాయిషీ ఎంత పెరిగితే దాచడం అంత పెరుగుతుంది. జీవితాంతం ఇల్లు నడిపిన చెయ్యి, కూరగాయల పైసలకు కోడలిని అడగాల్సి రావడం ఆ పోయిన సొమ్ము కంటే ఎక్కువ కుంగదీస్తుంది.

చేయదగిన పని మరొకటి ఉంది, అది డబ్బు పోకముందే చేయాలి. ఫోన్‌లో యూపీఐ ఉన్న ఖాతాను చిన్నదిగా ఉంచి, రోజు పరిమితి తగ్గించి, దాన్ని పూర్తిగా వాళ్ల ఇష్టానికి వదలాలి. పెద్ద మొత్తాలున్న ఖాతాకు యూపీఐ, కార్డు లేకుండా చూడాలి. పదివేలు దాటిన ఏ బదిలీకైనా ముందు ఒక మనిషికి ఫోన్ చేయాలన్న మాట అందరూ కూర్చుని అనుకోవాలి. ఆ మనిషి కొడుకే కానక్కర్లేదు. కోప్పడని మేనకోడలో, పక్కింటి మాస్టారో అయితే ఇంకా మేలు. ఎవరికైతే తిట్లు పడతాయన్న భయం లేకుండా చెప్పగలరో, వాళ్లు. ఇదే నియమం కొడుకూ పాటిస్తే, అంటే అతనూ పెద్ద బదిలీకి ముందు తండ్రికి ఒక మాట చెబితే, అది కాపలాలా అనిపించదు.

మోసం ఇంటి లోపలి నుంచే వచ్చే సందర్భాలూ ఉన్నాయి, వీటి గురించి మాట్లాడటానికి ఇంకా వెనకాడుతున్నాం. పిన్ తెలిసిన మనవడు, పింఛన్ కార్డు తన దగ్గర పెట్టుకున్న కొడుకు, చూసుకుంటామని చెప్పి భూమి రాయించుకుని తర్వాత పట్టించుకోని బంధువు. చూసుకోవాలన్న షరతుతో రాసిన ఆస్తిని, ఆ షరతు తప్పినప్పుడు రద్దు చేసే వీలు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షన్‌లో ఉంది. ఆర్డీఓ ముందుండే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు ఇవ్వాలి. ఆ షరతును దస్తావేజులోనే రాయించుకోవడం ముఖ్యం, అది లేకపోతే తర్వాత నిరూపించడం కష్టమవుతుంది. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

డబ్బు పోయాక ఏమన్నా తిరిగొస్తుందా అంటే, రెండు రకాలుగా చూడాలి. వేలిముద్ర మోసంలాగా ఖాతాదారు తప్పు లేకుండా, వేరేవాళ్ల వల్ల పోయి, మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు చెబితే ఖాతాదారు మీద నష్టం పడకూడదని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. చెప్పిన పది పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని ఖాతాలో చూపించాలి, తప్పు ఖాతాదారుదే అని నిరూపించే బాధ్యత బ్యాంకుది. బ్యాంకు నెల రోజుల్లో తేల్చకపోతే 14448కి ఫోన్ చేసి బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఎలా ఫిర్యాదు చేయాలో తెలుసుకోవచ్చు. ఓటీపీ తానే చెప్పినప్పుడు, భయపడి తానే పంపినప్పుడు ఈ రక్షణ దాదాపు వర్తించదు. బ్యాంకుకు చెప్పిన తర్వాత జరిగే నష్టం మాత్రమే బ్యాంకుది. అప్పుడు మిగిలే దారి 1930.

1930కి ఫోన్ చేసేటప్పుడు బ్యాంకు పేరు, ఖాతా నంబర్, మెసేజ్‌లో వచ్చిన లావాదేవీ నంబర్, పోయిన సమయం దగ్గర ఉంటే చాలు. వివరాలు పూర్తిగా లేవని ఆగొద్దు. ఏదో ఖాతాలో కొంత మొత్తం నిలిచిందని తెలిస్తే, దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి, మొత్తం పెద్దదైతే, సాధారణంగా కోర్టు ఉత్తర్వు కావాలి. తెలంగాణలో సైబర్ సెక్యూరిటీ బ్యూరో, న్యాయ సేవాధికార సంస్థలు కలిసి లోక్ అదాలత్‌ల ద్వారా ఈ పని చేయిస్తున్నాయి. కేసు తేలేదాకా ఏళ్ల తరబడి ఆగకుండానే, ఆగిపోయిన సొమ్ము బాధితుడి ఖాతాకు చేరుతోంది. ఫిర్యాదు నంబర్, ఆధార్, పాస్‌బుక్కు నకళ్లతో ఠాణాలో అడిగితే పిటిషన్ వేయడంలో సాయం చేస్తారు. దీనికి ఏజెంటు అక్కర్లేదు, ఫీజూ లేదు. ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణముంది. పైసలు పోగొట్టుకున్నవాళ్ల నంబర్లు మోసగాళ్ల మధ్య చేతులు మారుతుంటాయి. కొన్నాళ్లకు ఇంకో ఫోన్ వస్తుంది: మీ డబ్బు దొరికింది, విడిపించడానికి పన్ను కింద కొంత కట్టండి. మొదటి మోసాన్ని ఇంట్లో చెప్పలేకపోయిన మనిషే ఈ రెండో ఫోన్‌కు తేలిగ్గా దొరుకుతాడు. ఆ పోయింది గుట్టుచప్పుడు కాకుండా తిరిగొస్తే ఎవరికీ తెలియకుండానే అంతా సర్దుకుంటుందన్న ఆశ అతనికే ఎక్కువ.